డబ్బు వెళ్ళిన దారినే వెనక్కి నడవండి

ప్రశ్న: అమ్మానాన్నల పెళ్ళయి నలభై ఏళ్ళు నిండిన సందర్భంగా అక్క, నేను కలిసి నలుగురికీ ఎనిమిది రోజుల విదేశీ యాత్ర ప్యాకేజీ తీసుకున్నాం. విమానం, హోటళ్ళు, అక్కడ తిరగడానికి వాహనం అన్నీ అందులోనే. మొత్తం మూడు వాయిదాలు. మొదటిది కంపెనీ వెబ్‌సైటులో నా క్రెడిట్ కార్డుతో కట్టాను. రెండోది అక్క తన బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కంపెనీ ఖాతాకు పంపింది. అలా పంపితే కొంత తగ్గిస్తామని వాళ్ళు చెప్పారు. మూడోది వచ్చే వారం, మాకు బుకింగ్ చేసిపెట్టిన ఏజెంటుకు ఇవ్వాలి. ప్రయాణానికి ఇంకా ఐదు వారాలుంది. పది రోజుల నుంచి కంపెనీలో ఎవరూ ఫోను ఎత్తడం లేదు. మొన్న చూస్తే వెబ్‌సైటులో ఒక్క పేజీయే మిగిలింది: కార్యకలాపాలు నిలిపివేశాం, దివాలా ప్రక్రియ మొదలైంది అని. మూడో వాయిదా ఇస్తే వేరే కంపెనీ ద్వారా యాత్ర నడిపిస్తానని ఏజెంటు అంటున్నాడు. ఇంకెవరో ఫోను చేసి, తాము ఆ కంపెనీకి అనుబంధ సంస్థ అని, అదే విలువకు వోచరు ఇస్తామని, అందుకు పాత బుకింగ్‌ను మేమే రద్దు చేసుకున్నట్టు మెయిల్ పంపాలని అడిగారు. మా డబ్బు తిరిగి వస్తుందా? ఖాతాకు పంపమని చెప్పింది నేనే కాబట్టి అక్క ముందు తలెత్తుకోలేకపోతున్నాను. అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు.

జవాబు: ఆలస్యమైతే దిద్దుకోలేనివి కొన్ని ఉన్నాయి, ముందు అవి. మూడో వాయిదా కట్టకండి. ఆ వోచరు తీసుకోకండి. బుకింగ్‌ను మీరే రద్దు చేసుకున్నట్టు ఎవరికీ, ఏ రూపంలోనూ రాసి ఇవ్వకండి. వెబ్‌సైటులో రద్దు చేసే వీలు ఇంకా ఉన్నా దాన్ని ముట్టుకోకండి.

రద్దు గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీ కేసు మొత్తం ఒక్క వాక్యం మీద నిలబడి ఉంది: మేం డబ్బు కట్టాం, వాళ్ళు సేవ అందించలేదు. మీరు రద్దు చేసుకున్న మరుక్షణం ఈ వాక్యం తిరగబడుతుంది. వాళ్ళు అందించలేకపోవడం పోయి, మీరు వద్దనుకోవడం అవుతుంది. అప్పుడు ఒప్పందంలోని రద్దు నిబంధనలు, కోతలు అన్నీ మీ నెత్తిన పడతాయి. బ్యాంకు అడిగినా, బీమా సంస్థ అడిగినా, మిమ్మల్ని నోరెత్తనివ్వకుండా చేయడానికి ఆ ఒక్క మెయిల్ చాలు. వోచరు సంగతీ అంతే. దాన్ని తీసుకుంటే మీ నగదు హక్కును ఒక కాగితంతో మార్చుకున్నట్టు లెక్క. కుప్పకూలిన కంపెనీకి అనుబంధమని చెప్పుకునే సంస్థ ఇచ్చే కాగితం విలువ ఎంతో మీరే ఆలోచించండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కార్డుతో కట్టిన మొదటి వాయిదా తిరిగి రావడానికి మంచి అవకాశం ఉంది. అక్క పంపిన రెండో వాయిదా కష్టం, అయితే అప్పుడే నీళ్ళు వదులుకోవాల్సినది కాదు. మూడోది మీ దగ్గరే ఉంది, అక్కడే ఉండనివ్వండి. మూడింటినీ కలిపి ‘మా డబ్బు’ అని ఒక ముద్దగా చూడకండి. ఒక్కో వాయిదా ఒక్కో దారిన వెళ్ళింది, ఏ దారిన వెళ్ళినది ఆ దారినే వెనక్కి రావాలి. కార్డు డబ్బు కోసం దివాలా అధికారి చుట్టూ తిరగడం, ఖాతా నుంచి పంపిన డబ్బు కోసం కార్డు సంస్థతో పోట్లాడటం రెండూ సాధారణంగా వృథా శ్రమే. కంపెనీకే రోజూ ఫోను చేయడం అంతకన్నా వృథా.

పనిలో దిగేముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. మొదటిది, మీ రసీదు మీద, ఒప్పందం మీద ఉన్న కంపెనీ పూర్తి చట్టబద్ధమైన పేరు. ప్రకటనల్లో కనిపించే పేరు కాదు, రిజిస్టరైన పేరు. ఇది చిన్న విషయం కాదు. 1841లో మొదలైన బ్రిటన్ సంస్థ థామస్ కుక్ 2019 సెప్టెంబర్ 23న మూతపడినప్పుడు, భారతదేశంలో అదే పేరుతో నడుస్తున్న కంపెనీ మామూలుగానే పనిచేస్తోంది. 2012 నుంచే దాని యాజమాన్యం వేరు. పేరు ఒక్కటే, కంపెనీలు రెండు. ఒకరి అప్పు ఇంకొకరిని అడగలేం. మీకు ఫోను చేసిన ‘అనుబంధ సంస్థ’ విషయంలో ఇదే కొలబద్ద పెట్టుకోండి. రెండోది, కార్డు స్టేట్‌మెంటులో ఎవరి పేరున డబ్బు కోత పడింది: కంపెనీ పేరునా, ఏజెంటు పేరునా, మధ్యలో చెల్లింపులు నడిపే మరో సంస్థ పేరునా. మూడోది, దివాలా ప్రక్రియను నడుపుతున్న అధికారి ఎవరు. లిక్విడేటర్ అన్నా, అడ్మినిస్ట్రేటర్ అన్నా, రిజల్యూషన్ ప్రొఫెషనల్ అన్నా దేశాన్ని బట్టి పేరు మారుతుంది, పని దాదాపు అదే. ఆ వెబ్ పేజీని ఈ రాత్రే ఫోటో తీసి దాచండి, తేదీ కనబడేలా. రేపు ఆ పేజీ కూడా ఉండకపోవచ్చు.

ఆ తరువాత, ప్యాకేజీలో ఏ ముక్కలు ఇంకా బతికి ఉన్నాయో చూడండి. చాలామంది ఈ పని మరిచిపోతారు. విమాన టికెట్టు విషయంలో బుకింగ్ సంఖ్యను మాత్రమే చూసి సంతోషపడకండి. సీటు పట్టి ఉంచడం వేరు, టికెట్టు జారీ కావడం వేరు. నిజంగా జారీ అయిన టికెట్టుకు 13 అంకెల సంఖ్య ఉంటుంది, అందులో మొదటి మూడు అంకెలు విమానయాన సంస్థను సూచిస్తాయి. ఆ సంఖ్య మీ దగ్గర ఉంటే నేరుగా విమాన సంస్థకే ఫోను చేసి టికెట్టు చెల్లుతోందో లేదో అడగండి. అమ్మిన కంపెనీ మూతపడినా, టికెట్టు జారీ అయి డబ్బు చేరి ఉంటే విమాన సంస్థ సాధారణంగా మిమ్మల్ని ఎక్కించుకుంటుంది. హోటలుకు కూడా నేరుగా ఫోను చేయండి. మీ పేరున గది ఉందా అనడంతో ఆపకండి, దానికి డబ్బు ముట్టిందా అని కూడా అడగండి. గది పేరుకు ఉండి, డబ్బు ముట్టకపోతే అక్కడికి వెళ్ళాక మీరే మళ్ళీ కట్టాల్సి వస్తుంది. 2019లో థామస్ కుక్ పడిపోయినప్పుడు కొన్ని హోటళ్ళు తమకు రావాల్సిన బాకీని అప్పటికే దిగి ఉన్న అతిథుల దగ్గర అడిగాయి. టికెట్లు చెల్లుతున్నాయని తేలితే, ఆ భాగానికి మాత్రం డబ్బు వాపసు అడగకూడదు. అందిన సేవకు వాపసు కోరితే మిగతా న్యాయమైన కోరిక కూడా బలహీనపడుతుంది.

ఇక కార్డు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, మీకు నిజంగా పనికొచ్చే తలుపు ఇదే.

దివాలా తీసిన కంపెనీ దగ్గర డబ్బే లేనప్పుడు కార్డు డబ్బు మాత్రం ఎలా తిరిగి వస్తుందని మీకు సందేహం రావచ్చు. మీ కార్డు గీసినప్పుడు డబ్బు మీ బ్యాంకు నుంచి నేరుగా కంపెనీకి వెళ్ళదు. కంపెనీకి కార్డు చెల్లింపులు తీసుకునే వీలు కల్పించిన ఇంకో బ్యాంకు మధ్యలో ఉంటుంది. తన వ్యాపారి సేవ అందించకపోతే ఆ డబ్బు తిరిగి ఇస్తానని ఆ బ్యాంకు వీసా, మాస్టర్‌కార్డ్ వంటి వ్యవస్థలకు ముందే మాట ఇచ్చి ఉంటుంది. వ్యాపారి చేతులెత్తేస్తే నష్టం ఆ బ్యాంకు భరించాలి. అందుకే కంపెనీ పడిపోయాక కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. క్రెడిట్ కార్డుకే కాదు, డెబిట్ కార్డుకు కూడా ఉంటుంది. మీ అక్క పంపిన డబ్బుకు ఇలా మధ్యలో పూచీ పడేవాళ్ళు ఎవరూ లేరు. రెండు వాయిదాల భవిష్యత్తూ వేరువేరుగా ఉండటానికి కారణం అదొక్కటే, మీ తెలివితక్కువతనం కాదు.

చార్జ్‌బ్యాక్‌కు గడువుంది. కార్డు వ్యవస్థల నియమాల్లో ఇలాంటి ఫిర్యాదులకు సాధారణంగా 120 రోజులు ఉంటుంది. సేవ అందాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టే వీలు చాలా సందర్భాల్లో ఉంటుంది. ఆ అంకె చూసి తీరిగ్గా కూర్చోకండి. అమెరికాలో క్రెడిట్ కార్డు బిల్లు వివాదాల చట్టం ప్రకారం, ఆ ఖర్చు కనబడిన మొదటి స్టేట్‌మెంటు పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయాలి. ఒక్కో బ్యాంకుకు సొంత నియమాలూ ఉంటాయి. చాలా ఏళ్ళ క్రితం నేనొక యాత్రకు అడ్వాన్సు కట్టాను. కంపెనీ వాళ్ళు ప్రతి వారం ఎంతో మర్యాదగా వచ్చే వారం పంపిస్తామన్నారు. ఆ మాటలు నమ్మి నేను బ్యాంకుకు వెళ్ళేసరికి గడువు దాటిపోయింది. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు. అందుకే చెబుతున్నాను, ఈ వారంలోనే రాయండి.

ఫోను చేస్తే సరిపోదు, రాతలో ఉండాలి. ఉత్తరం పొడవుగా అవసరం లేదు. మీ బాధ, అమ్మానాన్నల సంగతి అందులో వద్దు. చదివే ఉద్యోగికి రెండు నిమిషాల్లో విషయం అందాలి. ఇలా రాయొచ్చు:

“ఫలానా తేదీన ఫలానా కంపెనీకి నా కార్డుతో ఇంత మొత్తం చెల్లించాను. అందుకు బదులుగా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు నలుగురికి యాత్ర సేవలు అందాలి. ఫలానా తేదీన ఆ కంపెనీ కార్యకలాపాలు నిలిపివేసి దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ప్రకటన ప్రతి జత చేశాను. ఏ సేవా అందలేదు, ఇకపై అందే అవకాశమూ లేదు. నేను బుకింగ్‌ను రద్దు చేసుకోలేదు. వోచరు గాని, ప్రత్యామ్నాయం గాని తీసుకోలేదు. సేవ అందని కారణంగా ఈ మొత్తానికి చార్జ్‌బ్యాక్ నమోదు చేసి, ఫిర్యాదు సంఖ్య తెలియజేయగలరు.”

దీనికి రసీదు, ఒప్పందం, స్టేట్‌మెంటులో ఆ పద్దు ఉన్న పేజీ, మూసివేత ప్రకటన జతచేయండి. టికెట్లు బతికి ఉన్నాయని తేలితే, ‘ఏ సేవా అందలేదు’ అనే మాట తీసేసి, అందనివేవో వాటినే రాయండి.

ప్రయాణ తేదీ ఇంకా రాలేదు కాబట్టి అప్పటిదాకా ఆగాలని బ్యాంకు అనవచ్చు. కంపెనీ తానే మూసేశామని ప్రకటించిందని, సేవ అందదని ఇప్పుడే తేలిపోయిందని జవాబివ్వండి. అయినా ఒప్పుకోకపోతే, మీరు ఫిర్యాదు చేసిన తేదీని నమోదు చేసి రాతలో ఇవ్వమనండి. కొన్ని బ్యాంకులు ముందుగా మొత్తాన్ని మీ ఖాతాలో తాత్కాలికంగా జమ చేస్తాయి. విచారణ ముగిసేదాకా అది మీది కాదు, ఖర్చు పెట్టకండి. నిరాకరిస్తే కారణం రాతలో అడగండి. బ్యాంకు లోపల పైస్థాయికి, అక్కడా కాకపోతే మీ దేశంలో బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్ లాంటి వ్యవస్థకు వెళ్ళండి. మొదటి నిరాకరణతో చాలామంది ఆగిపోతారు. ఆగకండి. మొదటి జవాబు చాలాసార్లు కాగితాలు సరిగా చూడకుండా వచ్చినదే.

స్టేట్‌మెంటులో ఎవరి పేరుందో చూడమన్నాను కదా, కారణం ఇది: అక్కడ ఏజెంటు పేరు ఉంటే, బుకింగ్ చేసిపెట్టడమే తన పనని, ఆ పని పూర్తిచేశానని అతను వాదించవచ్చు. అప్పుడు మీ కాగితాల్లో అతను యాత్రను అమ్మాడా, బుకింగ్ సాయం మాత్రమే చేశాడా అన్నది కీలకమవుతుంది.

మీరు ఏ దేశంలో ఉన్నదీ రాయలేదు. ఈ విషయంలో దేశాల మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉంది. మీరు బ్రిటన్‌లో ఉంటే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షన్ చార్జ్‌బ్యాక్ కన్నా బలమైనది. ధర 100 పౌండ్లకు పైబడి 30,000 పౌండ్లలోపు ఉండి, అందులో కొంత భాగం క్రెడిట్ కార్డుతో కట్టినా చాలు, మొత్తం ధరకు కంపెనీతో పాటు కార్డు సంస్థ కూడా బాధ్యత వహించాలి. అంటే మీరు కార్డుతో కట్టిన మొదటి వాయిదా మీ అక్క పంపిన రెండో వాయిదాను కూడా కాపాడగలదు. మధ్యలో ఏజెంటు ద్వారా చెల్లించినప్పుడు ఈ హక్కు తెగిపోయే ప్రమాదం ఉంటుంది. మీరు నేరుగా కంపెనీ వెబ్‌సైటులో కట్టానన్నారు కనుక అది మీకు బలం.

ఇదే కాక, యాత్రికుల డబ్బుకు ముందే పూచీ ఏర్పాటు చేసిన దేశాలు ఉన్నాయి. ఆ ఏర్పాట్లు దయతో పుట్టినవి కావు, దెబ్బలు తిన్నాక పుట్టినవి. 1974 ఆగస్టులో బ్రిటన్‌లో కోర్ట్ లైన్ అనే సంస్థ, దాని యాత్రా వ్యాపారాలతో సహా కూలిపోయింది. పదుల వేలమంది విదేశాల్లో చిక్కుకున్నారు. ఇంకా బయలుదేరని వాళ్ళు ఎందరో డబ్బు పోగొట్టుకునే స్థితికి వచ్చారు. మరుసటి ఏడాదే విమానయాత్రికుల కోసం ప్రత్యేక నిధికి చట్టం చేశారు. ఇవాళ అక్కడ విమానంతో కూడిన ప్యాకేజీలకు అటోల్ అనే రక్షణ ఉంది. కంపెనీ పడిపోతే బయలుదేరని వాళ్ళకు డబ్బు తిరిగి ఇస్తారు, వెళ్ళినవాళ్ళను వెనక్కి తీసుకొస్తారు. 2019లో థామస్ కుక్ పడిపోయినప్పుడు లక్షన్నరకు దగ్గరగా జనాన్ని రెండు వారాల్లో అలాగే తీసుకొచ్చారు. యూరోపియన్ యూనియన్‌లో ప్యాకేజీ నిర్వాహకులు దివాలా రక్షణ ఏర్పాటు చేసుకోవాలని 1990లోనే ఆదేశం వచ్చింది. 2015లో తెచ్చిన కొత్త ఆదేశం 2018 జులై నుంచి అమల్లో ఉంది. విడిగా కొన్న విమాన టికెట్టుకు మాత్రం ఆ రక్షణ వర్తించదు. మీది ప్యాకేజీ కాబట్టి ఈ దేశాల్లో ఉంటే ముందు ఈ తలుపే తట్టాలి. మీ బుకింగ్ కాగితాల్లో రక్షణ ధ్రువపత్రం, బీమా సంస్థ పేరు లేదా నిధి పేరు తప్పకుండా ఉండాలి, వెతకండి.

రక్షణ ఉందన్న మాట ఒక్కటే విని నిశ్చింతగా ఉండకండి. దాని పరిమితి ఎంతో కూడా చూడాలి. జర్మనీలో థామస్ కుక్ యాత్రికులకు బీమా ఉంది, అయితే ఆ బీమా ఏడాదికి 11 కోట్ల యూరోల దగ్గర ఆగిపోతుంది. నష్టం అంతకు ఎన్నో రెట్లు. చివరకు తేడా తామే భరిస్తామని జర్మనీ ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఆ పాఠంతో 2021లో ప్రత్యేక నిధిని పెట్టారు. 2024 జూన్‌లో ఎఫ్‌టీఐ అనే పెద్ద యాత్రా సంస్థ కూలినప్పుడు ప్యాకేజీ యాత్రికులకు ఆ నిధే డబ్బు చెల్లించింది. జపాన్‌లో 2017 మార్చిలో తెరుమి క్లబ్ అనే సంస్థ పడిపోయింది. యాత్రికుల నుంచి తీసుకున్నది దాదాపు 990 కోట్ల యెన్‌లు, ట్రావెల్ ఏజెంట్ల సంఘం పూచీ కింద ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తం 12 కోట్ల యెన్‌లు. నూటికి ఒక వంతుకు కాస్త పైన. పూచీ పేరుకు ఉంది, చేతికి వచ్చింది చిల్లర.

భారతదేశంలో కొనుక్కున్న ప్యాకేజీ అయితే ఇలాంటి ప్రత్యేక నిధి ఏదీ లేదు. కోట్లాది మంది ప్రయాణాలు చేసే దేశంలో ముందుగా కట్టిన డబ్బుకు ఇలాంటి ఏ పూచీ లేకపోవడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అక్కడ మీకు మిగిలేవి కార్డు, దివాలా ప్రక్రియ, వినియోగదారుల కమిషన్.

ఇక అక్క పంపిన డబ్బు. మొదట అక్క తన బ్యాంకుకు ఒక ఉత్తరం రాయాలి. పంపిన డబ్బును బ్యాంకు సాధారణంగా వెనక్కి లాగలేదు, అవతలి ఖాతాదారు ఒప్పుకోవాలి. అయినా ఆ చెల్లింపు గురించి రాతలో ఒక నమోదు ఉండటం మంచిది. ఒక్క విషయం తప్పకుండా సరిచూడమనండి: డబ్బు పంపిన ఖాతా ఒప్పందంలో ఉన్న కంపెనీ పేరునే ఉందా, లేక ఎవరో వ్యక్తి పేరునో, ఇంకో సంస్థ పేరునో ఉందా? పేరు వేరైతే కథ మారిపోతుంది. అది దివాలా కాదు, మోసం కావచ్చు. అప్పుడు వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయాలి, బ్యాంకుకు మోసం జరిగిందని చెప్పాలి. అలాంటప్పుడు గంటలు కూడా విలువైనవే.

ఖాతా కంపెనీదే అయితే, అక్క ఇప్పుడు ఆ కంపెనీకి అప్పిచ్చిన వాళ్ళలో ఒకరు. ఐ.పి. పెట్టినవాడి ఇంటి ముందు అప్పులవాళ్ళు వరుస కట్టినట్టే ఇక్కడా వరుస ఉంటుంది. తేడా ఏమిటంటే వరుసలో ఎవరు ముందో చట్టమే నిర్ణయిస్తుంది. ప్రక్రియ ఖర్చులు, తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులు, ఉద్యోగుల జీతాలు చాలాచోట్ల ముందుంటాయి. తాకట్టు లేని మనలాంటి వాళ్ళు వెనక ఉంటారు. యాత్రా కంపెనీలకు అమ్ముకోవడానికి భవనాలు, యంత్రాలు పెద్దగా ఉండవు. కాబట్టి వచ్చేది కొద్ది భాగమే కావచ్చు, అసలేమీ రాకపోనూ వచ్చు. ఈ మాట మీతో దాచడం నాకు ఇష్టం లేదు.

అయినా క్లెయిము వేయాలి. వేయనివాళ్ళకు వచ్చేది కచ్చితంగా సున్నా. వేయడానికి సాధారణంగా రుసుము ఉండదు. దివాలా అధికారి ప్రకటించిన ఫారంలో కట్టిన మొత్తం, తేదీ, బ్యాంకు లావాదేవీ సంఖ్య రాసి, ఆధారాలు జతచేసి గడువులోపు పంపాలి. గడువులు చిన్నవి. భారత దివాలా స్మృతి కింద కార్పొరేట్ కేసుల్లో తాత్కాలిక అధికారి నియమితులైన నాటి నుంచి 14 రోజుల్లోపు క్లెయిములు అడుగుతారు. మీరు ఇప్పటికే పది రోజులు ఫోన్లలో పోగొట్టుకున్నారు, కాబట్టి ఆ ప్రకటన తేదీని ఈరోజే చూడండి. మీ కార్డు మొత్తాన్ని కూడా క్లెయిములో రాయొచ్చు. చార్జ్‌బ్యాక్ వచ్చాక ఆ భాగం అందిందని తెలియజేసి తగ్గించాలి. ఒకే డబ్బు రెండుసార్లు తీసుకోకూడదు.

ఓపిక మాత్రం చాలా కావాలి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న విమానాలు ఆపేసింది. ఆ సంస్థను పూర్తిగా అమ్మి బాకీలు తీర్చే ప్రక్రియకు సుప్రీంకోర్టు ఆదేశం 2024 నవంబర్ 7న వచ్చింది. ఐదేళ్ళు దాటింది. అందుకే క్లెయిము పంపి, రసీదు భద్రపరిచి, ఆ డబ్బు మీద ఏ లెక్కా కట్టుకోకుండా ఉండండి.

వినియోగదారుల కమిషన్ గురించి కూడా అడుగుతారని తెలుసు. భారతదేశంలో 2019 చట్టం కింద రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయవచ్చు, ముందుగా 1915 సహాయవాణికి ఫోను చేయవచ్చు. అయితే దివాలా ప్రక్రియ మొదలై మారటోరియం, అంటే కేసులకు, వసూళ్ళకు తాత్కాలిక విరామం, అమల్లో ఉంటే, కంపెనీ మీద వేసిన కేసులు అక్కడే ఆగిపోతాయి. అందుకని కంపెనీ ఒక్కదాని మీద వకీలును పెట్టి డబ్బు ఖర్చు చేయకండి. ఏజెంటు తప్పు కనబడితే అతని మీద ఈ దారి ఉపయోగపడుతుంది.

ఆ ఏజెంటు దురుద్దేశంతో అడుగుతున్నాడని నేను అనడం లేదు, అతనికీ దెబ్బ తగిలి ఉండవచ్చు. కానీ వేరే కంపెనీతో నడిపిస్తానంటే అది కొత్త ఒప్పందం. పాత రెండు వాయిదాలను ఆ కొత్త కంపెనీ తన పుస్తకాల్లో జమ చేసుకుంటుందా? చేసుకోదు. వాళ్ళకు ఆ డబ్బు చేరలేదు. మూడో వంతు డబ్బుతో పూర్తి యాత్ర ఎవరూ నడపరు. అతన్ని రాతలో రెండే అడగండి. మా తరఫున ఏదైనా డబ్బు మీ దగ్గర ఇంకా ఉందా? ఈ బుకింగ్ మీద మీకు వచ్చిన కమీషను ఎంత? అతని దగ్గరే నిలిచిపోయిన డబ్బు ఉంటే అది దివాలా వరుసలోకి వెళ్ళకముందే తిరిగి అడగవచ్చు.

ప్రయాణ బీమా తీసుకుని ఉంటే పాలసీ తిరగేయండి. యాత్రా సంస్థ దివాలా తీస్తే చెల్లిస్తామని విడిగా రాసి ఉండాలి. చాలా సాధారణ పాలసీల్లో అది ఉండదు. కంపెనీ ఇబ్బందుల్లో ఉందని వార్తలు వచ్చాక కొన్న పాలసీ పనికిరాదు.

అక్క సంగతి. తగ్గింపు ఇస్తామంటే ఖాతాకు పంపడం ఎవరైనా చేసే పనే. నగదుకు కటకటలాడుతున్న కంపెనీలు అలాంటి తగ్గింపులు చూపించడమూ మామూలే, కార్డు డబ్బు వాళ్ళ చేతికి ఆలస్యంగా వస్తుంది కనుక. అది ఇప్పుడు తెలిసింది, అప్పుడు మీకు తెలిసే దారి లేదు. ఇద్దరూ ఒకచోట కూర్చుని కాగితాలు పంచుకోండి. కార్డు పని మీరు చూడండి, క్లెయిము పని అక్క పేరున అక్కే చేయాలి, ఎందుకంటే డబ్బు వెళ్ళింది ఆమె ఖాతా నుంచి. తప్పెవరిదని తేల్చుకోవడం ఈ రెండు వారాల్లో చేయాల్సిన పని కాదు.

అమ్మానాన్నలకు మాత్రం ఈరోజే చెప్పండి. వాళ్ళ మనసు నొచ్చుకుంటుందని మీరు దాస్తున్నారు, అది నాకు అర్థమైంది. కానీ ఈ యాత్ర కోసం వాళ్ళ పాస్‌పోర్టు ప్రతులు, ఫోను నంబర్లు, పుట్టిన తేదీలు మీరు ఆ కంపెనీకి ఇచ్చే ఉంటారు. పెద్ద కంపెనీ కూలిన ప్రతిసారీ దాని వెనకే ఇంకో మూక బయలుదేరుతుంది. థామస్ కుక్ మూతపడినప్పుడూ వాపసు ఇప్పిస్తామంటూ నకిలీ వెబ్‌సైట్లు, ఫోన్లు వచ్చాయి, అధికారులు హెచ్చరికలు జారీ చేయాల్సి వచ్చింది. రేపు ఎవరో ఫోను చేసి, “అమ్మా, మీ యాత్ర డబ్బు వాపసు వచ్చింది, ఫోనుకు వచ్చిన సంఖ్య చెప్పండి” అంటే, అసలేమీ తెలియని మీ అమ్మగారు మీకు శ్రమ తప్పిద్దామని ఆ సంఖ్య చెప్పేస్తారు. బ్యాంకు గాని, దివాలా అధికారి గాని ఓటీపీ అడగరు, వాపసుకు ముందు రుసుము కట్టమనరు, ఫోనులో ఏదో యాప్ వేసుకోమనరు. యాత్ర ఆగిపోయిందని చెప్పేటప్పుడే ఈ మాట కూడా ఇద్దరికీ చెప్పండి: డబ్బు గురించి ఎవరు ఫోను చేసినా, “మా అమ్మాయితో మాట్లాడండి” అని పెట్టేయమనండి.